పలకని సెన్సర్: తెరుబలి రైలుమార్గం నుంచి ఇంటి సాఫ్ట్‌వేర్ దాకా

తలుపు తెరుచుకున్నదీ, మేడమీది ట్యాంకు నిండినదీ, వంటింట్లో గ్యాస్ లీకైనదీ కనిపెట్టే చిన్న పరికరాన్ని సెన్సర్ అంటారు. ఆ పరికరం తీగ లేకుండా రేడియో తరంగాల మీద పంపే సమాచారాన్ని అందుకుని, దాన్నిబట్టి దీపం వెలిగించడం, మోటారు ఆపడం, యజమాని ఫోనుకు కబురు పంపడం వంటి పనులు జరిపించే ప్రోగ్రామును హోమ్ ఆటోమేషన్ సాఫ్ట్‌వేర్ అంటారు. ఈ రెండింటినీ కలిపే విద్య గత పదిహేనేళ్లలో పుట్టిన సరదాగా చాలామంది లెక్కలో ఉంది. పరికరాల వరకు అది నిజమే గాని, ఆ విద్యలోని అసలు చిక్కు నూరేళ్లు పైబడినది. దూరాన పెట్టిన కావలి పలకనప్పుడు, అంతా క్షేమంగా ఉన్నందువల్ల పలకలేదనుకోవాలా, పలకగలిగే స్థితిలోనే లేదనుకోవాలా? ఇంటి పరికరాలు తయారుచేసినవారికంటే చాలా ముందే రైలుమార్గాలవారు, విద్యుత్ గ్రిడ్లవారు, నదుల మట్టాలు కొలిచేవారు ఈ ప్రశ్నకు తలా ఒక సమాధానం చెప్పుకున్నారు. ఆ మూడు వ్యవస్థలూ ఒకే చోట కలిసిన ఊళ్లలో తెరుబలి ఒకటి.

తెరుబలి నేటి ఒడిశాలోని రాయగడ జిల్లాలో, నాగావళి లోయలో ఉన్న చిన్న పారిశ్రామిక పట్టణం. కలహండి జిల్లా తువామూల్ రాంపూర్ కొండల్లో పుట్టిన నాగావళి సుమారు 256 కిలోమీటర్లు పారి శ్రీకాకుళం దిగువన కళ్లేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. అందులో 161 కిలోమీటర్ల దాకా ఒడిశాలోనే సాగుతుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా ఈ ప్రాంతం జయపురం జమీందారీలో భాగంగా మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం ఏజెన్సీ కింద ఉండేది. ఆ తర్వాత కోరాపుట్ జిల్లాలో చేరి, 1992 అక్టోబరు 2న కొత్త రాయగడ జిల్లాలోకి వచ్చింది. రాయగడ, గుణుపురం బజార్లలో ఒడియాతోపాటు తెలుగు కూడా వినిపించడానికి కారణం ఈ పాత సంబంధమే. 1908–09లో విజయనగరం నుంచి పార్వతీపురం దాకా పడిన రైలుమార్గం 1931 నాటికి రాయపూర్ చేరడంతో ఈ లోయ మధ్యభారతానికి ముడిపడింది. కోరాపుట్ కొండల మీదుగా వచ్చే మార్గం 1998 డిసెంబరు 31న పూర్తయి, తెరుబలి పొరుగున ఉన్న సింగపూర్ రోడ్డు దగ్గర దీనిలో కలిసింది. 1961లో బన్సీధర్ పండా స్థాపించిన ఇండియన్ మెటల్స్ అండ్ ఫెర్రో అల్లాయ్స్ సంస్థ ఇక్కడ ఫెర్రో మిశ్రలోహాల కొలిమి పెట్టింది. ఉక్కు తయారీలో కలిపే ఈ మిశ్రలోహాలను విద్యుత్ చాపంతో కరిగిస్తారు గనుక అటువంటి కొలిమికి కరెంటే ప్రాణం.

రైలు కథలో మొదట చెప్పుకోవలసింది యంత్రం కాదు, మనిషి. వానకాలం వచ్చిందంటే రైల్వే ఇంజనీరింగు శాఖ రాత్రిపూట పట్టాల మీద గస్తీ తిప్పుతుంది. ఒక్కొక్క గస్తీవాడికి కొన్ని కిలోమీటర్ల దారి అప్పగించి, ఎరుపు, ఆకుపచ్చ కాంతులు చూపే చేతిదీపం, ఈల, ప్రమాదమప్పుడు పట్టాల మీద బిగిస్తే చక్రం తగిలి పేలే డిటోనేటర్లు ఇచ్చి, వాటితోపాటు ఒక గస్తీ పుస్తకం కూడా ఇస్తారు. తన దారి చివర ఎదురొచ్చే గస్తీవాడితో ఆ పుస్తకాన్ని మార్చుకోవాలి. స్టేషను చేరినప్పుడు మాస్టరు అందులో వేళ రాసి సంతకం పెట్టాలి. గండి కనబడితే దీపం ఊపి రైలు ఆపడమే గస్తీవాడి పని అనుకుంటే ఆ ఏర్పాటులో సగాన్నే చూసినట్టు. అతను రావలసిన వేళకు రావడమే ఒక వార్త. అతను రాకపోతే దారిలో ఏమైందో తెలియదు గనుక, తెలిసేదాకా స్టేషను మాస్టరు ఆ దారిని అనుమానంగానే చూసి, డ్రైవరుకు జాగ్రత్త చీటీ ఇచ్చి, తక్కువ వేగంతో మాత్రమే రైలును పంపాలి. నేటి సాఫ్ట్‌వేర్ పరిభాషలో ఇటువంటి వేళకు వచ్చే కబురును హార్ట్‌బీట్ అంటారు. విశేషమేమీ లేకపోయినా బతికే ఉన్నానని పరికరం క్రమం తప్పకుండా పంపే సందేశమని దాని అర్థం. సంతకాల పుస్తకంతో నడిచిన ఈ పద్ధతిలో మనిషి నిద్రపోవడం, జ్వరంతో పడిపోవడం, వాగు దాటలేకపోవడం అన్నీ ఒకే ఫలితానికి దారితీసేవి: రైలు మెల్లగా నడిచేది.

యంత్రాల్లోకి ఇదే తర్కాన్ని ఎక్కించిన ఘనత 1872లో అమెరికాలో పేటెంటు పొందిన విలియం రాబిన్‌సన్ ట్రాక్ సర్క్యూటుది. పట్టాల ముక్క ఒక చివర బ్యాటరీ, మరో చివర రిలే అనే విద్యుత్ అయస్కాంతపు మీట ఉంటాయి. దారి ఖాళీగా ఉన్నంతసేపు పట్టాల గుండా సన్నని కరెంటు పారి రిలేను ఎత్తిపట్టి ఉంచుతుంది. రైలు ఎక్కగానే దాని ఇరుసులు రెండు పట్టాలనూ కలిపేయడంతో రిలేకు కరెంటు అందక మీట పడిపోయి, సిగ్నల్ ఎర్రబడుతుంది. పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ అయిపోయినా జరిగేది అదే. రైలు వచ్చినప్పుడు కరెంటు పారేలా చేసినా పని జరిగేది గాని, అప్పుడు బ్యాటరీ అయిపోయిన రోజున దారి ఎప్పటికీ ఖాళీగానే కనబడేది. చూడటానికి తీగల కలయికలో చిన్న మార్పే అయినా, కరెంటు లేకపోవడాన్ని ప్రమాదంగా చదవాలన్న నిర్ణయం సిగ్నలింగ్ శాస్త్రమంతటికీ పునాది అయింది. భారతదేశపు ఏకమార్గాల మీద విరివిగా వాడిన నీల్స్ బాల్ టోకెన్ యంత్రం కూడా ఆ కుదురులోనిదే. రెండు స్టేషన్లలోని యంత్రాలు విద్యుత్తుతో ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. రెండింటిలోనూ కలిపి ఒకసారికి ఒక్క ఉక్కు బంతే బయటకు వస్తుంది. ఆ బంతి చేతికందనిదే డ్రైవరుకు ముందుకు వెళ్లే అధికారం లేదు. దారి ఖాళీగా ఉందని అవతలి స్టేషను చెప్పే లైన్ క్లియర్ అనే మాట ఏదో ఒక కబురు కాదు, అది రానంతవరకు దారి మూసే ఉన్నట్టు.

విద్యుత్ గ్రిడ్ చెప్పిన సమాధానం ఇంత సూటిగా ఉండదు. తెరుబలిలోని 220 కిలోవోల్టుల సబ్‌స్టేషన్ దక్షిణ ఒడిశా గ్రిడ్‌లో ముఖ్యమైన కూడలి. జయనగర్ వైపు నుంచి వచ్చే లైన్లు దీనికి చేరతాయి. ఇటువంటి సబ్‌స్టేషన్లలో లైను లోపలికి వచ్చేచోట పెద్ద పీపాలా వేలాడే తీగచుట్ట ఒకటి కనబడుతుంది. దాన్ని వేవ్ ట్రాప్ అంటారు. కొండల్లో టెలిఫోను తీగ లాగడం, లాగినదాన్ని కాపాడుకోవడం కష్టమైన రోజుల్లో, కరెంటు మోసే తీగలమీదనే మాటనూ కొలతలనూ పంపే పవర్‌లైన్ క్యారియర్ పద్ధతి వచ్చింది. 50 హెర్ట్జ్ కరెంటుపై కొన్ని పదుల నుంచి కొన్ని వందల కిలోహెర్ట్జ్ దాకా ఉండే పలుచని సంకేతాన్ని ఎక్కించి పంపుతారు. అది సబ్‌స్టేషన్ లోపలి యంత్రాల్లోకి పారి వృథా కాకుండా వేవ్ ట్రాప్ అడ్డుకుంటే, కెపాసిటరు ఒకటి దాన్ని వినికిడి యంత్రానికి మళ్లిస్తుంది.

ఈ సంకేతాలతో లైనును కాపాడే పద్ధతులు రెండు. ఒకదానిలో, లోపం తన లైనులో లేదని గుర్తించిన సబ్‌స్టేషన్ అవతలి దానికి ఆగు అనే సంకేతం పంపుతుంది. అది అందకపోతే అవతలిది లైను తెంపేస్తుంది. రెండోదానిలో, లోపం మన లైనులోనే ఉన్నట్టుందని అవతలి చివర సమ్మతి పంపితేనే ఇవతలిది తక్షణం తెంపుతుంది. సంకేతం అందకపోతే వేచి చూస్తుంది. మొదటిది మౌనాన్ని ప్రమాదంగా చదివి, అప్పుడప్పుడు అనవసరంగా లైను కోల్పోతుంది. రెండోది మౌనాన్ని క్షేమంగా చదివి, అప్పుడప్పుడు ఆలస్యం చేస్తుంది. కొలిమికి కరెంటు హఠాత్తుగా పోవడం నష్టం, కాలుతున్న లైనును పట్టుకుని ఉండటమూ నష్టమే గనుక ఏది మేలో ముందే తీర్మానించే సూత్రం గ్రిడ్‌కు లేదు. రైల్వేకు ఆ సంకోచం అక్కర్లేదు. రైలు ఆగితే నష్టం కొద్ది గంటలే.

ఇంటి ఆటోమేషన్ పలికిన మొదటి భాష కూడా కరెంటు తీగదే కావడం విశేషం. స్కాట్లండ్‌లోని గ్లెన్‌రోథెస్ పట్టణంలో పీకో ఎలక్ట్రానిక్స్ సంస్థ 1975లో ఎక్స్10 అనే పద్ధతిని రూపొందించింది. 1978 నుంచి అది అమెరికా దుకాణాల్లో అమ్ముడైంది. గోడలోని తీగలమీద 120 కిలోహెర్ట్జ్ సంకేతాన్ని, ఏసీ కరెంటు సున్నాను దాటే క్షణాల్లో తునకలుగా పంపుతుంది. ఇంటి అక్షరాలు 16, పరికరపు అంకెలు 16, వెరసి 256 చిరునామాలు. ఒక దీపానికి చిరునామా, ఆజ్ఞ పంపడానికి కరెంటు తరంగపు 47 ఆవర్తనాలు, అంటే మన 50 హెర్ట్జ్ సరఫరాలో దాదాపు ఒక సెకను పడుతుంది. గ్రిడ్‌వారి ఉపాయం ఇంట్లోకి వచ్చిందిగాని వారి జాగ్రత్త రాలేదు. తొలినాటి ఎక్స్10 పరికరాలకు ఆజ్ఞ వినడమే తెలుసు, విన్నానని తిరిగి చెప్పడం తెలియదు. దీపం వెలిగిందో లేదో ఆజ్ఞాపించిన పెట్టెకు తెలియదు. అది వెలిగిందనే నమ్ముకుంటుంది. పక్కగదిలో ఫ్యానో మిక్సీయో తిరిగి సంకేతాన్ని మింగేసినా ఆ నమ్మకం చెదరదు. హోమ్ ఆటోమేషన్‌లో ఈనాటికీ వేధించే లోపాలు చాలావరకు ఈ తొలి అతివిశ్వాసపు సంతానమే.

నది విషయానికి వస్తే నాగావళి తీరు వేరు. కొండల్లో కురిసిన వాన గంటల్లో మైదానానికి చేరుతుంది గనుక, ఎగువన రాయగడ దగ్గర చూసిన మట్టం దిగువన తోటపల్లి బ్యారేజీవారికీ శ్రీకాకుళం పట్టణానికీ సమయానికి తెలియాలి. పక్కలోయలోని వంశధార 1980 సెప్టెంబరులో గుణుపురం ప్రాంతాన్ని ముంచెత్తినప్పుడు ఈ తొందర ఎంతటిదో రెండు రాష్ట్రాలకూ అర్థమైంది. 1958లో ఢిల్లీ దగ్గర యమునపై వరద సూచనలు మొదలుపెట్టిన కేంద్ర జలసంఘం దేశంలోని నదులకు క్రమంగా ఆ పనిని విస్తరించింది. నది ఒడ్డున అంకెలు వేసిన కొలబద్ద, దాన్ని గంటగంటకూ చదివే మనిషి, చదివినదాన్ని వైర్‌లెస్ సెట్టు మీద కంట్రోలు గదికి చెప్పే ఆపరేటరు: అప్పటి సెన్సర్ ఈ ముగ్గురే. వేళకు పిలుపు రాకపోతే కంట్రోలు గదే తిరిగి పిలిచేది. ఎంత సామాన్యమైన పనిగా కనిపించినా, అడిగి సమాధానం రాబట్టుకునే ఈ వెసులుబాటు తర్వాత వచ్చిన చాలా యంత్రాలకు లేకుండాపోయింది.

2017 జులై 16న కల్యాణసింగపూర్ ప్రాంతంలో కురిసిన కుండపోతతో నాగావళి ఒక్కసారిగా ఉప్పొంగి, తెరుబలి, సింగపూర్ రోడ్డు స్టేషన్ల నడుమ ఉన్న రైలు వంతెనను ఊడ్చుకుపోయింది. రైలు ప్రమాదం జరగలేదు గాని ఆ మార్గం వారాల తరబడి మూతపడి, విశాఖపట్నం నుంచి రాయపూర్ వైపు వెళ్లే బండ్లను దారి మళ్లించవలసి వచ్చింది. ఇటీవలి సంవత్సరాల్లో భారతీయ రైల్వే ముఖ్యమైన వంతెనల దగ్గర సౌరవిద్యుత్తుతో పనిచేసే నీటిమట్టపు సెన్సర్లు పెట్టి, మట్టం గీత దాటితే ఇంజనీర్ల ఫోన్లకు ఎస్సెమ్మెస్ వెళ్లే ఏర్పాటు చేస్తోంది. గీత దాటినప్పుడే పలికే యంత్రం వంతెనతోపాటు తానూ కొట్టుకుపోతే ఎస్సెమ్మెస్ రాదు, ఫోను ప్రశాంతంగా ఉంటుంది. అందువల్ల నిర్ణీత వేళల్లో మామూలు మట్టాన్ని కూడా పంపుతూ ఉండాలన్న నియమం ఇటువంటి వ్యవస్థలో అలంకారం కాదు, గస్తీ పుస్తకంలోని సంతకమే.

మనిషి లేనిచోట కొలిచి పంపే స్టేషన్లకు మన దేశంలో ఉపగ్రహం దారి చూపింది. 1983లో ఎగిరిన ఇన్‌శాట్-1బి ఉపగ్రహంలో వాతావరణ కొలతలను అందుకుని ప్రసారం చేసే పరికరం ఉండటంతో, అడవుల్లోనూ దీవుల్లోనూ ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు పెట్టడం సాధ్యమైంది. వాటిలో చాలావాటికి పంపే నోరే గాని వినే చెవి లేదు. అందరూ ఒకే పౌనఃపున్యం మీద, ఎవరు మాట్లాడుతున్నారో వినకుండా మాట్లాడితే సందేశాలు ఢీకొంటాయి గనుక, ప్రతి కేంద్రమూ ఒకే కొలతను యాదృచ్ఛికమైన క్షణాల్లో పలుమార్లు పంపేది. ఒకటి చెడినా ఇంకొకటి గమ్యం చేరుతుందని ఆశ. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం నడిపిన అలోహా రేడియో వలయంతో ఇటువంటి పద్ధతికి గణితం ఏర్పడింది. ఎవరికివారు ఇష్టమొచ్చినప్పుడు మాట్లాడే దారిలో, ఎంత బాగా కుదిరినా దారి సామర్థ్యంలో సుమారు 18 శాతానికి మించి ఉపయోగం దక్కదని ఆ గణితం తేల్చింది. నేడు బజారులో చవకగా దొరికే తలుపు సెన్సర్ అచ్చంగా ఈ కేంద్రాలకు వారసురాలు.

ఆ సెన్సర్ ఇళ్లకు రావడానికి సాంకేతికతకంటే చట్టం ఎక్కువ అడ్డు నిలిచింది. 1933 నాటి ఇండియన్ వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా రేడియో పరికరాన్ని కలిగి ఉండటమే నేరంగా ఉండేది. కొన్ని పౌనఃపున్యాల దగ్గర తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు ప్రభుత్వం మినహాయింపు ఇచ్చిన తర్వాతే ఇంటి వైర్‌లెస్‌కు దారి తెరుచుకుంది. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీకీ, 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పట్టీకీ ఆ వీలు దొరికింది. రెండోదాన్ని 2021లో 868 దాకా పొడిగించారు. ఇళ్లలో వాడే చిన్న పరికరాలకు 433 మెగాహెర్ట్జ్ దగ్గరా వెసులుబాటు ఉంది. ఈ తేడాలు కాగితం మీదివి కావు. డెన్మార్క్‌లోని జెన్సిస్ సంస్థలో పుట్టిన జెడ్-వేవ్ అనే ఇంటి వైర్‌లెస్ పద్ధతి భారతదేశంలో 865.2 మెగాహెర్ట్జ్ మీద, అమెరికాలో 908.42 మీద పనిచేస్తుంది. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకు వచ్చేటప్పుడు అమ్మానాన్నల ఇంటికోసం పెట్టెలో తెచ్చిన జెడ్-వేవ్ సెన్సర్ విజయవాడలో కొన్న హబ్‌తో, అంటే సెన్సర్ల పలుకులు అందుకునే పెట్టెతో, ఎన్నటికీ జతకట్టదు; పైగా దాని పౌనఃపున్యం ఇక్కడ మొబైల్ ఫోన్లు టవరుకు పలికే 890–915 పట్టీలో పడుతుంది. జిగ్బీ అనే మరో ఇంటి వైర్‌లెస్ పద్ధతి పరికరాలకూ, వైఫై పరికరాలకూ ఈ బాధ లేదు, వాటి 2.4 గిగాహెర్ట్జ్ ప్రపంచమంతటా ఒకటే.

433 మెగాహెర్ట్జ్ తలుపు సెన్సర్‌ను విప్పి చూస్తే, తలుపు అంచున అయస్కాంతం, చట్రం మీద అది దగ్గరుంటే అతుక్కునే రీడ్ స్విచ్, ఒక చిన్న బ్యాటరీ, ఈవీ1527 వంటి సంకేత చిప్పు కనబడతాయి. చిప్పులో ఫ్యాక్టరీలోనే రాసిన 20 బిట్ల గుర్తు, అంటే 10 లక్షల పైచిలుకు సంఖ్యల్లో ఒకటి, ఉంటుంది. తలుపు తెరిస్తే ఆ గుర్తును గబగబా పలుమార్లు పలికి నిద్రపోతుంది. చవకరకాలు తెరిచినప్పుడు పలుకుతాయి, మూసినప్పుడు పలకవు. పలికింది అందిందో లేదో వాటికి పట్టదు. 2012లో టీవీ చూడటానికి అమ్మిన చిన్న యూఎస్‌బీ పరికరాలే విస్తారమైన పౌనఃపున్యాలను వినగల రేడియోలుగా పనికొస్తాయని ఔత్సాహికులు కనిపెట్టాక, ఆర్టీఎల్_433 అనే ఉచిత ప్రోగ్రాముతో ఇటువంటి వందల రకాల సెన్సర్ల పలుకులు విడమర్చడం సులువైంది. వినడం తేలికైనకొద్దీ కొత్త చిక్కులు బయటపడ్డాయి. కొన్ని ఉష్ణోగ్రత సెన్సర్లు బ్యాటరీ మార్చిన ప్రతిసారీ కొత్త గుర్తు ఎంచుకుంటాయి. సాఫ్ట్‌వేర్ దృష్టిలో పాతది చనిపోయి కొత్తదెవరో పుట్టినట్టు.

తెలుగు పల్లెల్లో దూరం నుంచి యంత్రాన్ని నడిపే విద్య ఇళ్లకంటే ముందు బోరుబావుల దగ్గర పాతుకుపోయింది. మూడు ఫేజుల కరెంటు ఏ అర్ధరాత్రో వచ్చే రోజుల్లో రైతులు మోటారుకు ఆటో స్టార్టరు బిగించుకునేవారు. కరెంటు రాగానే మోటారు తనంతట తానే తిరిగేది. పక్కపక్క పొలాల మోటార్లన్నీ ఒకే క్షణంలో లేచేసరికి ట్రాన్స్‌ఫార్మర్లు కాలిపోయేవి, బావిలో నీళ్లున్నా లేకున్నా మోటారు తిరుగుతూనే ఉండేది. 2018 జనవరి 1న తెలంగాణ వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వమే రైతులను కోరింది. వాటి స్థానంలోకి వచ్చిన మొబైల్ స్టార్టరులో సిమ్ కార్డు ఉంటుంది: ఫోను చేస్తే మోటారు తిరుగుతుంది, ఫేజు పోయినా, నీళ్లులేక మోటారు లాగే కరెంటు పడిపోయినా అదే ఆగి కబురు పెడుతుంది. తిరుగు సమాచారం విలువ సాఫ్ట్‌వేర్ నిపుణులకంటే ముందు రైతుకు తెలియడంలో వింత లేదు. కాలిన మోటారుకు మళ్లీ చుట్టించే ఖర్చు అతనిదే.

ఇంటి సాఫ్ట్‌వేర్‌కు ఈ వివేకం చమురు గొట్టాల నుంచి వచ్చింది. 1999లో ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్కామ్ సంస్థకు చెందిన ఆర్లెన్ నిప్పర్ కలిసి, ఎడారుల గుండా సాగే చమురు గొట్టాల కొలతలను ఖరీదైన ఉపగ్రహ మార్గం మీద పొదుపుగా పంపడానికి ఎంక్యూటీటీ అనే నియమావళి రాశారు. ఇందులో బ్రోకర్ అనే మధ్యవర్తి ప్రోగ్రాము ఉంటుంది. సెన్సర్ తన కొలతను ఒక శీర్షిక కింద దానికి అప్పగిస్తే, ఆ శీర్షిక కావాలన్నవారందరికీ బ్రోకర్ పంచుతుంది. అన్నిటికంటే తెలివైనది అందులోని వీలునామా ఏర్పాటు. పరికరం బ్రోకర్‌తో సంబంధం మొదలుపెట్టేటప్పుడే, తాను చెప్పకుండా మాయమైతే ప్రకటించవలసిన సందేశాన్ని దాని దగ్గర దాచిపెడుతుంది. ఒప్పుకున్న గడువుకు ఒకటిన్నర రెట్లు గడిచినా పరికరం నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే బ్రోకర్ ఆ సందేశాన్ని విడుదల చేస్తుంది. 2014లో ఎంక్యూటీటీ ఓయాసిస్ అనే ప్రమాణాల సంస్థ ప్రమాణం అయ్యేనాటికి ఓపెన్‌హాబ్, హోమ్ అసిస్టెంట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు సిద్ధంగా ఉన్నాయి. 2013లో పౌలస్ స్కౌట్సెన్ మొదలుపెట్టిన హోమ్ అసిస్టెంట్ నేడు వాటిలో అన్నిటికంటే ముందుంది.

అయితే వీలునామా రాయాలంటే పరికరం ఎప్పుడూ సంబంధంలో ఉండాలి. గోడ కరెంటుతో నడిచే ఈఎస్‌పీ8266 వంటి వైఫై చిప్పుకు అది సులువు. నాణెంలాంటి సీఆర్2032 బ్యాటరీతో రెండేళ్లు బతకవలసిన జిగ్బీ సెన్సర్‌కు అసాధ్యం. ఆ బ్యాటరీ నిల్వ సుమారు 220 మిల్లీఆంపియర్ గంటలు. నిద్రలో సెన్సర్ కొన్ని మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకుంటుంది గాని రేడియో తెరిచిన క్షణాల్లో పదీ ఇరవై మిల్లీఆంపియర్లు, అంటే వేల రెట్లు, తాగుతుంది. అందుకే చాలా జిగ్బీ సెన్సర్లు విశేషం ఉంటేనో, లేకపోతే గంటకో అంతకంటే ఆలస్యంగానో పలుకుతాయి. వీటిని ఎంక్యూటీటీకి కలపడానికి 2018లో నెదర్లాండ్స్‌కు చెందిన కోయెన్ కాంటర్స్ మొదలుపెట్టిన జిగ్బీ2ఎంక్యూటీటీ అనే ప్రోగ్రాము ఈ వాస్తవాన్ని అంకెల్లో ఒప్పుకుంటుంది. అందుబాటును గమనించే అమరికను వాడుకలోకి తెస్తే, మార్చనంతవరకు అది గోడ కరెంటు పరికరం 10 నిమిషాలు బదులివ్వకపోతే లేదని ప్రకటిస్తుంది. బ్యాటరీ పరికరానికి మాత్రం 25 గంటల గడువిస్తుంది. అంటే సోమవారం ఉదయం చనిపోయిన బ్యాటరీ సెన్సర్ సంగతి ఇంటివారికి మంగళవారం తెలుస్తుంది. ఇంటి సాఫ్ట్‌వేర్లు సహజంగా చివరి విలువను తెరమీద అలాగే నిలుపుతాయి గనుక, ఆ లోగా చనిపోయిన ఉష్ణోగ్రత సెన్సర్ 28 డిగ్రీలనే చూపుతూ ఉంటుంది. ఫలానా గడువు దాటిన విలువను చెల్లనిదిగా చూడమనే అమరిక హోమ్ అసిస్టెంట్‌లో ఉంది. ఎవరో ఒకరు పెడితేనే అది పనిచేస్తుంది. మామూలుగా అది లేకపోవడం ఆ సాఫ్ట్‌వేర్ రచయితల సౌజన్యమే అనుకున్నా, సిగ్నలింగ్ శాస్త్రం చదివినవారికి మింగుడుపడదు.

అందుచేత తెలుగు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా అమర్చే ట్యాంకు సెన్సర్ విషయంలో నియమం ముందే రాసుకోవాలి. మూత కింద బిగించిన అల్ట్రాసోనిక్ సెన్సర్ నీటిమట్టానికి ధ్వని పంపి అది తిరిగివచ్చే వేళనుబట్టి దూరం లెక్కిస్తుంది. మోటారు తిరుగుతున్నంతసేపు నిమిషానికో రెండు నిమిషాలకో కొలత రావాలి, రాకపోతే మోటారు ఆగాలి. సందేశం వస్తే ఆపడం కాదు, సందేశం వస్తున్నంతవరకే తిప్పడం. కరెంటు పోయి వచ్చే వేళ ఈ నియమానికి అసలు పరీక్ష. రౌటరు, హబ్ రెండూ ఇన్వర్టరు మీద లేకపోతే ఇంటిలోని సెన్సర్లన్నీ ఒకేసారి మాయమవుతాయి. కరెంటు తిరిగి రాగానే మోటారు స్విచ్ ముందు లేస్తుంది, సాఫ్ట్‌వేర్ రెండు మూడు నిమిషాల తర్వాత లేస్తుంది. ఆ వ్యవధిలో ఏమి చేయాలన్నది హబ్‌లో రాసినా ఉపయోగం లేదు. అది మోటారు పక్కన ఉన్న రిలేలోనే, కరెంటు వచ్చినప్పుడు ఆగే ఉండాలన్న అమరికగా ఉండాలి. చవక స్విచ్‌లలో కొన్ని ఫ్యాక్టరీ నుంచే పాత స్థితిని గుర్తుపెట్టుకునేలా వస్తాయి గనుక, బిగించే రోజునే మెయిన్ స్విచ్ ఒకసారి ఆపి, మళ్లీ వేసి, మోటారు తిరగలేదని చూసుకోవాలి. ఆ పని ఇంకా వాడుకగా మారలేదు.